దర్బారు కెమెరా, పరకాల బడి

1947 సెప్టెంబరు 2న వరంగల్ ప్రాంతంలోని పరకాలలో జాతీయ జెండా ఎగరేయాలని చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం కదిలివచ్చారు. నిజాం పోలీసులు, రజాకార్లు వాళ్ల మీద కాల్పులు జరిపారు. 22 మంది ప్రాణాలు పోయాయని ఈ ప్రాంతం చెప్పుకునే లెక్క. దక్షిణాది జలియన్‌వాలాబాగ్ అని పేరుపడ్డ ఆ ఘటన తర్వాతి తరాలకు ముఖ్యంగా పెద్దల నోటిమాటగా చేరింది. 2003లో అమరధామం కట్టాక శిల్పాలుగా కళ్లముందు నిలిచింది. కాల్పులు జరిగిన 1947 నాటికే హైదరాబాద్ రాజ్యంలో ఫొటోగ్రఫీకి అరవై ఏళ్లు దాటాయి. నిజాం వేట, విందు, కోట, కొలువు అన్నీ అద్భుతమైన ఫొటోలుగా మిగిలాయి. పరకాల రైతుకు, నేతగాడికి, కూలి తల్లికి మాత్రం కెమెరా అంటే పట్నంలో దొరల ఇళ్లలో ఉండే వస్తువు. ఆ తర్వాత డెబ్బై ఏళ్లలో కెమెరా దర్బారు దిగి, స్టూడియోలోకి వచ్చి, అక్కడి నుంచి పెళ్లిపందిట్లోకి, చివరికి జేబులోకి వచ్చింది. దాన్ని వాడే విద్య మాత్రం ఆ దారిలో ఎక్కడికక్కడ ఆగిపోయింది. ఆ విద్య దిగిరావాల్సిన చోటు ప్రాథమిక పాఠశాల అని, మూడో తరగతి పిల్లలకు కూడా ఫొటో తీయడం ఒక చదువుగా నేర్పవచ్చని, నేర్పాలని నా వాదన. దానికి ఆధారం ఆదర్శాల్లో కంటే ఈ ప్రాంతపు ఫొటోగ్రఫీ చరిత్రలోనే బలంగా ఉంది.

తెలుగువాళ్లు చాలామంది బతికిన మద్రాసు ప్రెసిడెన్సీలో ఫొటోగ్రఫీ మొదటినుంచీ బడితో ముడిపడే వచ్చింది. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు మద్రాసులో చిత్రకళల పాఠశాల పెట్టాడు. ఆ దశాబ్దంలోనే అక్కడ బొమ్మలు గీయడం, చెక్కడం వంటి పనుల పక్కన ఫొటోగ్రఫీని కూడా నేర్పడం మొదలైంది. 1856లో ప్రెసిడెన్సీ ప్రభుత్వం లినియస్ ట్రైప్ అనే సైనికాధికారిని అధికారిక ఫొటోగ్రాఫరుగా నియమించింది. ఆయన తంజావూరు, మదురై గుళ్లను తీసిన ఫొటోలు ఇప్పటికీ గొప్పవే. ఆ బడిలో చదివిన అయ్యస్వామి అనే స్థానికుడు ఆయన దగ్గర పని నేర్చుకుని, తర్వాత తానే అక్కడ ఫొటోగ్రఫీ పాఠం చెప్పాడు. ఫొటోగ్రఫీ పుట్టిన కొద్ది దశాబ్దాల్లోనే ఒక దక్షిణాది కుర్రవాడు దాన్ని నేర్చి మరొకరికి నేర్పే స్థాయికి వచ్చాడన్నమాట. అయితే 1860లో గవర్నర్ చార్లెస్ ట్రెవెల్యన్ ట్రైప్ నడిపిన ప్రభుత్వ ఫొటోగ్రఫీ శాఖను ఖరీదైన విలాసమని మూసేశాడు. ప్రభుత్వ బడిలో కెమెరా అనగానే ఇవాళ మొదట వినిపించే అభ్యంతరం కూడా అదే కాబట్టి ఈ సంగతిని గుర్తుపెట్టుకోవాలి. అప్పట్లో ఆ మాటలో కొంత న్యాయం ఉంది. పెద్ద చెక్కపెట్టె కెమెరా, రసాయనాలు, కాగితం అన్నీ ఓడల్లో రావాలి. ఆ కారణం చాలాకాలం కిందటే పోయింది. అభ్యంతరం మాత్రం ఇంకా వినిపిస్తూనే ఉంది.

నిజాం రాజ్యంలో దారి వేరు. లాలా దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టాడు. రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో కొలతలు తీసే, నక్షలు గీసే ఉద్యోగం చేశాడు. 1880లలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆస్థాన ఫొటోగ్రాఫరయ్యాడు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. 1892లో పరదా పాటించే స్త్రీల కోసం హైదరాబాద్‌లో వేరే స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళకు అప్పగించాడు. 1894లో నిజాం ఆయనకు రాజా ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ఇచ్చాడు. ఆయన తీసిన కోటలు, మెట్లబావులు, మండపాలు చూస్తే కట్టడాన్ని కొలిచి, గీసి తెలుసుకున్న కన్ను కనిపిస్తుంది. ఏ మూల నుంచి చూస్తే లోతు తెలుస్తుందో, ఏ పొద్దున నీడ స్తంభాన్ని విడదీసి చూపుతుందో ఆయనకు కెమెరా కంటే ముందు పెన్సిలు, కొలబద్ద నేర్పాయి. ఫొటోగ్రఫీ యంత్రంతో మొదలవదు, చూడడంతో మొదలవుతుంది అనడానికి ఇంతకంటే నమ్మదగ్గ సాక్ష్యం అక్కర్లేదు. చూడడం ఎనిమిదేళ్ల పిల్లకు కూడా నేర్పగలం.

దీన్‌దయాళ్ తర్వాత కెమెరా పల్లెల్లోకి వచ్చింది పురావస్తు శాఖ వెంట. 1914లో ఏర్పడిన నిజాం పురావస్తు శాఖకు గులాం యజ్దానీ పెద్ద. పరకాలకు అంత దూరమేమీ లేని పాలంపేట గుళ్ల మీద ఆయన రాసిన పుస్తకం 1922లో వచ్చింది. ఇవాళ ప్రపంచ వారసత్వ కట్టడమైన రామప్ప గుడిని బయటి లోకానికి పరిచయం చేసిన రాతల్లో అది మొదటివాటిలో ఒకటి. ఆ కాలపు పురావస్తు ఫొటోల్లో ఒక అలవాటు ఉండేది. కట్టడం ఎంత ఎత్తో తెలియడానికి ఒక మనిషిని దాని పక్కన నిలబెట్టేవారు. ఆ మనిషి పేరు ఎక్కడా ఉండదు, ఉద్దేశం కొలతే. ఆ తర్వాత 1940లలో సునీల్ జానా వచ్చాడు. బెంగాల్ కరువును లోకానికి చూపిన ఈ కమ్యూనిస్టు పార్టీ ఫొటోగ్రాఫరు తెలంగాణ సాయుధ రైతాంగ పోరాటంలో నిలబడ్డ పల్లె మనుషులను కొలతబద్దలుగా కాక పోరాడేవాళ్లుగా తీశాడు. మన పోరాటం ముఖం ఎలా ఉండేదో ఇవాళ మనకు తెలిసిందంటే అందులో ఆయన పాలు చాలా ఉంది. ఆ రుణం మరిచిపోకూడదు. అయినా ఆయన కూడా రైలు దిగి వచ్చి, తీసి, వెళ్లిన మనిషే. దర్బారు కెమెరాకూ ఉద్యమ కెమెరాకూ మధ్య మనసులో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉన్నా, కెమెరా పట్టుకున్న చేయి మాత్రం రెండుచోట్లా బయటిదే. పదిమందిలో ఒకరికి కూడా అక్షరం రాని ఆ కాలంలో అది మరోలా ఉండే వీలూ లేదు.

స్వతంత్రం వచ్చాక తాలూకా ఊళ్లలో స్టూడియోలు వెలిశాయి. తెలంగాణలో ఫొటో తీయడాన్ని సామాన్యుడికి నేర్పిన అసలు బడి అదే. అక్కడ పాఠ్యపుస్తకం లేదు. పిల్లవాడు ముందు ఊడ్చేవాడు, చాయ తెచ్చేవాడు, తెర మార్చేవాడు. కొన్నాళ్లకు డార్క్‌రూంలోకి పిలుపు వచ్చేది. ఎర్రబల్బు వెలుగులో ప్రింటు కాగితాన్ని డెవలపర్ తొట్టిలో వేసి మెల్లగా కదిలిస్తుంటే ముందు జుట్టు, తర్వాత కళ్లు, ఆ తర్వాత చొక్కా గుండీలు తేలేవి. ఎప్పుడు తీయాలో గడియారం కంటే కంటికే ఎక్కువ తెలిసేది. ఒక్క క్షణం ముందు తీస్తే ముఖం పాలిపోయేది, ఆలస్యమైతే నల్లబడేది. నీళ్లలో ముంచి, హైపోలో వేసి, చాలాసేపు కడిగి, ఆరబెట్టి, రంపపు అంచు కట్టరుతో నాలుగువైపులా కత్తిరించాలి. నెగటివ్ మీద సన్నటి పెన్సిలుతో మచ్చలు పూడ్చడం మరో విద్య. నలుపు తెలుపు పెళ్లిఫొటోకు దూదితో చెంపల మీద రంగు అద్దడం ఇంకో విద్య. రీలు మొత్తం చీకట్లోనే తీయాలి కాబట్టి చేతివేళ్లకు కూడా చూపు రావాలి. ఊటీలోని హిందూస్థాన్ ఫొటో ఫిలింస్ 1967లో ఉత్పత్తి మొదలుపెట్టాక మన దేశంలో తయారైన, ఇందు అనే పేరున్న సరుకు స్టూడియోల్లోకి వచ్చింది. ధర కొంత దిగినా రీలు రీలే. ఒక్కో బొమ్మకు డబ్బు. అందుకే గుండీ నొక్కేముందు గడ్డం పైకెత్తమని, చేయి తొడ మీద పెట్టమని, ఊపిరి బిగబట్టమని అంతసేపు చూసేవారు. కొరత ఆ చేతివృత్తికి గురువు.

స్టూడియో చదువును పొగడడం తేలిక. దాని పరిమితులను కూడా చెప్పాలి. ఆ చదువు దాదాపుగా మగపిల్లలకే అందింది. బడి మానేసిన వాడికో, మానేయాల్సి వచ్చిన వాడికో అందింది. నేర్చింది కూడా గిరాకీ అడిగినంతే. పెళ్లి, చావు, పుట్టువెంట్రుకలు, బడి వదిలే ఏడాది గ్రూపు ఫొటో, పాస్‌పోర్టు సైజు ఫొటో. మేడారం జాతరకు పోయే దారిలో, జాతర్లలో రంగు తెరలు కట్టి మోటారుసైకిలు మీదో, తాజ్‌మహల్ ముందో కూర్చోబెట్టి తీసే గుడారాలు పల్లెవాళ్లకు ఇచ్చిన సంతోషం చిన్నదేమీ కాదు. ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందన్న భయం పోవడానికి కూడా అవే కారణం. 1993 తర్వాత ఓటరు గుర్తింపు కార్డు వచ్చాక ఎందరో ముసలివాళ్లు జీవితంలో మొదటిసారి కెమెరా ముందు కూర్చున్నారు. అయితే ఇవన్నీ మనుషులు కెమెరా ముందుకు వచ్చిన సందర్భాలే. కెమెరా వెనకకు వెళ్లిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పత్తి ఏరే చేతులు, చలివాగు ఒడ్డున బట్టలుతికే తల్లి, మిరప కల్లంలో రాత్రి కాపలా వంటివి ఆల్బముల్లో కనిపించవు. వాటికి ఎవరూ డబ్బిచ్చి ఫొటో తీయించరు కదా. ఫలితంగా ఈ ప్రాంతంలో రోజువారీ బతుకుకు ఫొటో చరిత్ర చాలా పలచన.

ఆ లోటును కొంతవరకు పూడ్చినవారు ఉన్నారు. వరంగల్‌లో పుట్టిన గుడిమల్ల భరత్‌భూషణ్ తెలంగాణ పల్లెల ఇళ్లు, గడపలు, బతుకమ్మ పేర్చే స్త్రీలు, అలసిన ముఖాలు దశాబ్దాల తరబడి తీశారు. ఆయన 2022లో చనిపోయారు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం తన ముఖాన్ని చూసుకున్న అద్దాల్లో ఆయన ఫొటోలు ఒకటి. ఆ ఫొటోల్లో మనుషులు కెమెరా కోసం సర్దుకుని నిలబడరు. తీసేవాడు ఇంటివాడైతే చూపు ఎలా మారుతుందో ఆయన పనిలో తెలుస్తుంది. ఇంకా ముందుకు పోయిన ప్రయోగం జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో జరిగింది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని దళిత మహిళా రైతులు 1990ల చివర వీడియో కెమెరా నేర్చుకున్నారు. 2001లో వాళ్ల కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడింది. వాళ్లలో చాలామందికి చదవడం, రాయడం రాదు. అయినా షాట్లు పెట్టడం, వెలుగు చూసుకోవడం, కోయడం, కూర్చడం నేర్చారు. ఎదుటి మనిషి కంటి ఎత్తులో కెమెరా పెట్టి తీసే షాట్‌కు సంఘం షాట్ అని పేరు పెట్టుకున్నారు. వాళ్ల సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు. కెమెరా కూడా అలాగే కూర్చోవాలన్నది వాళ్ల తర్కం. ఏ ఫిలిం స్కూలు పాఠంలోనూ కెమెరా ఎత్తుకూ మనిషి మర్యాదకూ ఉన్న సంబంధం ఇంత సూటిగా రాదు.

పస్తాపూర్ మహిళలు మన ఉమ్మడి వరంగల్ జిల్లాకూ వచ్చారు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక మూడేళ్లపాటు ఇక్కడి రైతుల పొలాల్లో విత్తనం వేసినప్పటి నుంచి పత్తి అమ్మేదాకా జరిగిందంతా తీసి, 2005లో ఒక డాక్యుమెంటరీగా బయటపెట్టారు. వాళ్లు తేల్చిన ముగింపుతో ఒప్పుకోని శాస్త్రవేత్తలు, రైతులు ఉన్నారు, ఆ చర్చ వేరే. నా వాదనకు కావాల్సింది వాళ్ల పద్ధతి. ఒకే పొలానికి మళ్లీమళ్లీ వెళ్లడం, ఒకే రైతును పంట ఎదిగేకొద్దీ అడగడం, అడిగింది, చూసింది వరుసగా పేర్చడం. అక్షరం రాని రైతు మహిళ ఇంత చేయగలిగినప్పుడు, అక్షరాలు నేర్చుకుంటున్న నాలుగో తరగతి పిల్లకు ఇది మించిన పని అని ఏ ముఖంతో అంటాం?

పిల్లల చేతికి కెమెరా ఇవ్వడం లోకానికి కొత్త ఆలోచనేమీ కాదు. ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీ 1900లో బ్రౌనీ అనే అట్టపెట్టె కెమెరాను ఒక్క డాలరుకు అమ్మింది. పిల్లల కథల్లోని బొమ్మలనే దాని ప్రకటనల్లో వాడింది. 1930లో అదే కంపెనీ తన స్వర్ణోత్సవానికి, ఆ ఏడాది పన్నెండేళ్లు నిండే అమెరికా పిల్లల కోసం ఐదు లక్షల కెమెరాలు ఉచితంగా పంచింది. రీళ్లు అమ్ముకోవడానికే పంచింది, అందులో దాపరికం లేదు. అయినా ఆ వ్యాపారం ఒక విషయం తేల్చింది, పన్నెండేళ్లలోపు పిల్లలు కెమెరా వాడగలరు. మన దగ్గర బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ 3 మధ్యతరగతి ఇళ్లలో అలాంటి కెమెరా. రీలుకు పన్నెండు బొమ్మలు. పల్లె బడిపిల్లల దాకా అది రాలేదు. పిల్లల కెమెరాను చదువుగా మార్చే పని వేరేవాళ్లు చేశారు. అమెరికా ఫొటోగ్రాఫర్ వెండీ ఈవాల్డ్ 1970లలో కెంటకీ కొండప్రాంతపు పిల్లలకు కెమెరాలిచ్చి వాళ్ల ఇళ్లను, కలలను తీయమంది. 1989లో గుజరాత్‌లోని విచ్యా అనే పల్లెకు వచ్చి అక్కడి పిల్లలతో కూడా అదే పని చేసింది. ఫొటో తీయడం, దాని గురించి రాయడం కలిపి నేర్పే పద్ధతిని ఆమె తర్వాత డర్హమ్ పట్టణపు ప్రభుత్వ బడుల్లో స్థిరపరిచింది. ఇక్కడ ఫొటో రాతకు పోటీ కాదు, రాతకు మెట్టు. పిల్ల తాను తీసిన బొమ్మ గురించి రాసేటప్పుడు చెప్పడానికి ఏదో ఉంటుంది. ఆవు వ్యాసంలో ఉండదు.

మన ప్రభుత్వ బడిపిల్లల చేతికి కెమెరా నిజానికి ఇప్పటికే వచ్చింది, ఎవరూ అనుకోకుండా. 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. పాఠం టీవీలో వింటే, రాసిన నోటు పేజీని అమ్మదో నాన్నదో ఫోనులో ఫొటో తీసి సార్‌కు వాట్సాప్‌లో పంపాలి. ఆ పనిని దగ్గరగా చూస్తే ఎంత విద్య అందులో ఇమిడి ఉందో తెలుస్తుంది. ఇంట్లో బల్బు కింద నోటు పెట్టి పైనుంచి తీస్తే ఫోను నీడ సరిగ్గా రాత మీద పడుతుంది. పిల్ల నోటును గడప దగ్గరికి జరుపుతుంది. ఎదురెండ తగిలితే కాగితం తెల్లగా మెరిసి అక్షరాలు మాయమవుతాయి. అప్పుడు వెలుగు పక్కనుంచి వచ్చేలా తిరుగుతుంది. ఫోను వంగితే పై వరుసలు చిన్నగా, కింది వరుసలు పెద్దగా వస్తాయి. కాబట్టి పేజీకి సమాంతరంగా పట్టాలి. చేయి వణికితే అలుక్కుపోతుంది, మోచేతులు డొక్కలకు ఆనించాలి. వెలుగు దిశ, నీడ, కోణం, నిలకడ, చట్రం అన్నీ ఇందులో ఉన్నాయి. స్టూడియోలో కుర్రవాడు ఏళ్ల తరబడి నేర్చిన దానిలో కొంత, లక్షల మంది పిల్లలు హోంవర్కు పంపే తొందరలో తమకు తాముగా కనుక్కున్నారు. బడి తెరుచుకున్నాక అది చదువని ఎవరూ గుర్తించలేదు. ఇవాళ బడిలో కెమెరా ఉంది. హాజరుకు పిల్లల ముఖాలు తీస్తోంది, మధ్యాహ్న భోజనం పళ్లేలు తీస్తోంది, పండుగలు తీసి పై అధికారులకు పంపుతోంది. దాని వెనక పిల్లలు లేరు. పాలంపేట స్తంభం పక్కన నిలబడ్డ మనిషికీ వీళ్లకూ ఈ ఒక్క విషయంలో పెద్ద తేడా లేదు.

ఇక అభ్యంతరాలు. అన్నిటికంటే బరువైనది అక్షరాస్యతకు సంబంధించింది. మూడో తరగతి పిల్లలు రెండో తరగతి వాచకం చదవలేకపోతున్నారని, అందుకే కేంద్రం 2021లో నిపుణ్ భారత్, రాష్ట్రం 2022లో తొలిమెట్టు మొదలుపెట్టాయని, ఈ దశలో ఫొటోలంటే దృష్టి చెదురుతుందని అంటారు. ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోను. చదవడం రాని పిల్లకు కెమెరా ఇచ్చి అదే చదువని మురిసిపోతే ఆ పిల్లకు అన్యాయం చేసినట్టే. కానీ మన తెలుగు వాచకాలే పాఠానికి ముందు బొమ్మ పెట్టి, చూసి మాట్లాడమంటాయి. మాట వచ్చాకే రాత వస్తుందని పాఠ్యపుస్తకాలు రాసినవాళ్లకు తెలుసు. ఆ బొమ్మలో ఎవరిదో ఊరు, ఎవరిదో సంత. దాని బదులు పరకాల అంగడిలో తానే తీసిన ఫొటో అయితే పిల్ల మాట్లాడక ఆగదు. ఆ మాటల్లో నాలుగింటిని బోర్డు మీద రాసి చదివించడం తొలిమెట్టు చెప్పే పద్ధతికి దగ్గరే. ఇక్కడ పాత తెలంగాణ సంప్రదాయం కూడా తోడుంది. ఒకప్పటి వరంగల్ జిల్లాలోని చేర్యాలలో నకాషీ చిత్రకారులు గీసిన పటాల మీద గడి తర్వాత గడిగా కులపురాణం విప్పుతూ, కర్రతో చూపిస్తూ కథకులు కథ చెప్పేవారు. బొమ్మల వరుసతో అర్థం చెప్పడం ఈ నేలకు అలవాటే. బతుకమ్మ పేర్చే నానమ్మను మూడు ఫొటోల్లో, అంటే రాశి పోసిన తంగేడు, గునుగు పూలు, తర్వాత పేర్చే చేతులు, చివర ముగించిన బతుకమ్మ, ఈ వరుసలో తీసి మూడు వాక్యాలు రాసిన పిల్ల ఆ పటం కథలోని వ్యాకరణాన్ని నేర్చుకున్నట్టే. వరుస తప్పితే అర్థం ఎలా తప్పుతుందో ఆ మూడు కాగితాలను కలిపి పరిచి చూపించొచ్చు.

రెండో అభ్యంతరం ఫోనుది. పిల్లలు ఇప్పటికే ఫోనుకు అతుక్కుపోతుంటే బడి కూడా దాన్నే చేతికివ్వాలా అని తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలో పూర్తి న్యాయం ఉంది. నా జవాబు, ఫొటోగ్రఫీ పాఠంలో మొదటి సగానికి ఫోను అక్కర్లేదు. పాత అట్టపెట్టెకు సూదిబెజ్జం చేసి, ఎదురువైపు నూనె రాసిన కాగితం అతికిస్తే, బయటి చెట్టు తలకిందులుగా ఆ కాగితం మీద కనిపిస్తుంది. మన ఆరో తరగతి సైన్సులో ఉన్న పాఠమే అది, దాన్ని కిందికి తేవాలి. అట్టముక్కలో దీర్ఘచతురస్రం కోసి దానిలోంచి బడి ఆవరణను చూడమంటే చాలు, చట్రంలో ఏం ఉంచాలి, ఏం వదలాలి అన్న నిర్ణయం పిల్లదే అవుతుంది. ఒకే వేపచెట్టును ప్రార్థన వేళ, మధ్యాహ్నం భోజనం వేళ, ఇంటికి పోయే వేళ చూసి నీడను గీయమంటే వెలుగు గురించి పుస్తకం చెప్పలేనిది తెలుస్తుంది. ఆ తర్వాతే ఫోను, అది కూడా పంతులమ్మది, ఇంటర్నెట్ ఆపేసి. ఒక్కో పిల్లకు మూడే బొమ్మలు. స్టూడియో చరిత్ర ఇక్కడ అక్కరకొస్తుంది. రీలు కొరతే ఆ కుర్రవాళ్లను చూసి తీసేలా చేసింది. లెక్కలేనన్ని తీసే వీలున్నప్పుడు పిల్ల ఏదీ చూడదు, మూడే ఉన్నాయంటే ముందు చుట్టూ తిరుగుతుంది. కాబట్టి ఈ పాఠం ఫోను అలవాటును పెంచదు. వేలితో తోసుకుంటూ పోవడానికీ నిలబడి చూడడానికీ తేడా తెలిసిన పిల్ల ఫోను ముందు కొంచెమైనా తన చేతుల్లో తాను ఉంటుంది. పూర్తిగా ఉంటుందని మాత్రం హామీ ఇవ్వలేను.

మూడోది పిల్లల భద్రత. ఇందులో నేను అభ్యంతరం చెప్పేవాళ్ల పక్కనే నిలబడతాను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల సమాచారాన్ని వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంది. అందుకు కారణాలు మనందరికీ తెలిసినవే. మంచి ఉద్దేశంతో చేసిన పని కూడా ఎలా విమర్శకు గురైందో కలకత్తా సోనాగచ్చి చెబుతుంది. అక్కడి సెక్స్‌వర్కర్ల పిల్లలకు కెమెరాలిచ్చి ఫొటోగ్రఫీ నేర్పిన జానా బ్రిస్కీ చిత్రం 2005లో ఆస్కార్ గెలిచింది. అయితే అక్కడి మహిళల సంఘం దుర్బార్, తమ పిల్లలను లోకం ముందు జాలిపడాల్సినవాళ్లుగా నిలబెట్టారని నిరసన తెలిపింది. పిల్లల చేతిలో కెమెరా ఉన్నా, ఆ ఫొటోలు ఎవరికి, ఎక్కడ, ఏ మాటలతో చూపించాలన్న నిర్ణయం బయటివాళ్లదైతే పాత కథే మళ్లీ మొదలవుతుంది. కాబట్టి పరకాల బడి పిల్లలు తీసిన ఫొటోలు పరకాలలోనే ఉండాలి. ముఖం ఉన్న ఫొటో ఏదీ ఊరు దాటకూడదు, వాట్సాప్ గ్రూపులకు, అధికారుల నివేదికలకు, దాతల పోస్టర్లకు పోకూడదు. అడిగి తీయడం మొదటి పాఠంగా ఉండాలి. వద్దంటే తీయకపోవడం పాఠంలో భాగం. పెద్దలు చాలామంది ఇవాళ ప్రమాదం జరిగినచోట ముందు ఫోను ఎత్తుతున్నారు. తొమ్మిదేళ్లకే అడగడం అలవాటైతే ఆ పిల్ల పెద్దయ్యాక అలా చేయడం కష్టం. ఫొటోను మార్చి అబద్ధం చెప్పడం చిటికెలో జరిగిపోతున్న కాలంలో, చట్రం బయట ఏం వదిలారు అని అడిగే అలవాటు కూడా ఈ వయసులోనే రావాలి. తాను స్వయంగా ఏదో వదిలి తీసిన పిల్లకే ఆ ప్రశ్న తడుతుంది.

ఎవరు నేర్పుతారన్నది చివరి చిక్కు, ఇది నిజమైన చిక్కే. ప్రాథమిక బడుల్లో డ్రాయింగు టీచరు ఉండడు. చాలాచోట్ల ఇద్దరే ఉపాధ్యాయులు, కొన్నిచోట్ల ఒక్కరే. ఉన్నవాళ్లకు నివేదికల భారం వేరే. మరోవైపు ఫొటోగ్రఫీలో డిగ్రీ ఇచ్చే విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లో ఉంది. విద్య పైఅంతస్తులో ఉంది, మెట్లు లేవు. ఈ ఖాళీలోకి పరకాల, హనుమకొండ, భూపాలపల్లి వంటి ఊళ్ల స్టూడియో పెద్దమనుషులను తీసుకురావచ్చు. ఫోన్లు వచ్చాక వాళ్లలో చాలామందికి పని తగ్గింది. డార్క్‌రూం ఎర్రబల్బు వెలుగులో కళ్లు అరగదీసుకున్న వాళ్ల దగ్గర వెలుగు గురించి, ముఖం గురించి, ఓపిక గురించి ఉన్న జ్ఞానం ఏ యాప్‌లోనూ లేదు, వాళ్లతోనే పోతుంది. నెలకు రెండు పూటలు, గౌరవవేతనంతో, పంతులమ్మ సమక్షంలో వాళ్లు బడికి రావడం పెద్ద ఖర్చేమీ కాదు. మద్రాసు చిత్రకళల బడిలో అయ్యస్వామి చేసింది ఇదే పని. ఉపాధ్యాయులకు జిల్లా శిక్షణ సంస్థల్లో కళావిద్య పేరుతో ఇప్పటికే గంటలున్నాయి, వాటిలో కొన్నిటిని దీనికి కేటాయించవచ్చు. పిల్లలందరూ ఫొటోగ్రాఫర్లు కావాలని ఎవరూ అనడం లేదు. చేతిరాత నేర్పేటప్పుడు అందరూ రచయితలవుతారని అనుకోం కదా.

బడి ఈ పని మొదలుపెడితే వెంటనే ఏర్పాటు చేసుకోవాల్సింది ఫొటోలు దాచే ఒక చోటు. ప్రతి పిల్ల ఏడాదికి ఒక్క ఫొటో ఎంచి ప్రింటు తీయించాలి. దాని వెనక పెన్సిలుతో నాలుగు సంగతులు రాయాలి. ఫొటోలో ఎవరు లేదా ఏమిటి, ఎక్కడ, ఏ తేదీన, తీసింది ఎవరు. అయిదో సంగతి, ఫొటోలో ఉన్నవాళ్లు ఒప్పుకున్నారా లేదా. ఇలాంటి ప్రింట్లను అట్టపెట్టెల్లో ఏడాదివారీగా, అడ్మిషన్ రిజిస్టరు ఉన్న బీరువాలోనే పెట్టాలి. సాంచాలు, మగ్గాలు, పత్తి ఏరే కూలీలు, సెప్టెంబరు 2న అమరధామం దగ్గర నివాళి, కొత్తగా వేసిన రోడ్డుకు కొట్టేసిన చింతచెట్టు అన్నీ ఆ పెట్టెల్లోకి వస్తాయి, ఎవరూ డబ్బిచ్చి తీయించకపోయినా. పురావస్తు శాఖ పుస్తకాల్లో పేరులేకుండా నిలబడ్డ మనిషికి ఇక్కడ పేరుంటుంది, తీసిన పిల్లకూ పేరుంటుంది. ప్రింటు ఖర్చు బడి గ్రాంటు నుంచి పెట్టవచ్చు. బీరువా తాళం ప్రధానోపాధ్యాయురాలి దగ్గర, చూసే హక్కు ఊరందరికీ.